గాలి చల్లగానే ఉంది, ఊపే లేదు: కారు ఏసీలో గాలి ఎక్కడ ఆగిపోతోంది?

కారు ఏసీ సరిగ్గా పని చేయడం లేదంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది గ్యాస్. వెంట్‌లోంచి వచ్చే గాలి వెచ్చగా ఉంటే ఆ అనుమానంలో అర్థం ఉంది. కానీ గాలి చల్లగానే ఉండి, చెయ్యి దగ్గర పెడితే గానీ తెలియనంత నీరసంగా వస్తుంటే? అప్పుడు గ్యాస్ నింపించడంతో మొదలుపెడితే జేబు ఖాళీ అవుతుంది, అసలు లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

గాలిని చల్లబరచడం ఒక పని, దాన్ని తోయడం ఇంకో పని. చల్లబరిచేది కంప్రెసర్, కండెన్సర్, వాటిలో తిరిగే గ్యాస్. తోసేది డ్యాష్‌బోర్డ్ వెనక దాగి ఉండే బ్లోయర్ మోటారు. ఈ రెండు వ్యవస్థలూ కలుసుకునేది ఒక్కచోటే, కూలింగ్ కాయిల్ దగ్గర. గ్యాస్ తేడా వల్ల గాలి తగ్గే సందర్భం కూడా ఒక్కటే ఉంది, అదీ ఆ కాయిల్ దగ్గరే. దాని సంగతి తర్వాత చూద్దాం. మిగతా లోపాలన్నీ గాలి నడిచే దారిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి.

కాబట్టి మొట్టమొదటి పరీక్ష చాలా తేలిక. ఏసీ బటన్ ఆపేసి, ఫ్యాన్‌ని పూర్తి వేగంలో పెట్టండి. కంప్రెసర్ తిరిగినా తిరగకపోయినా బ్లోయర్ తోసే గాలి దాదాపు ఒకేలా ఉండాలి. ఏసీ ఆపినా గాలి నీరసంగానే ఉంటే గ్యాస్ మాట అక్కడితో వదిలేయవచ్చు. ఏసీ ఆపినప్పుడు బాగుండి, వేసిన కొంతసేపటికి తగ్గిపోతుంటే అది వేరే కథ. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కారైతే ఈ పరీక్షలన్నీ మాన్యువల్‌లో పెట్టి చేయాలి. ఆటోలో ఉంటే క్యాబిన్ చల్లబడగానే ఫ్యాన్ తనంతట తానే నెమ్మదిస్తుంది. దాన్ని లోపం అనుకుని కంగారు పడేవాళ్లు లేకపోలేదు.

గాలి నడిచే దారి

బయటి గాలి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీలోంచి లోపలికి వస్తుంది. రీసర్క్యులేషన్ నొక్కితే ఒక చిన్న తలుపు అడ్డంపడి ఆ దారిని మూసి, క్యాబిన్‌లోని గాలినే, ఎక్కువగా గ్లవ్ బాక్స్ అడుగు భాగం నుంచి, మళ్లీ లాక్కుంటుంది. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టర్, బ్లోయర్, కూలింగ్ కాయిల్. ఆ తర్వాత ఎంత గాలి హీటర్ మీదుగా వెళ్లాలో తేల్చే తలుపు ఒకటి. ముఖానికా, కాళ్లకా, అద్దానికా అని పంచే తలుపులు మరికొన్ని. చివర గొట్టాలు, వెంట్లు.

ఇక్కడితో దారి అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అయిపోలేదు. బయటి నుంచి గాలి లోపలికి వస్తున్నప్పుడు అంతే గాలి కారులోంచి బయటికి పోవాలి. అందుకోసం వెనక బంపర్ వెనకాలో, డిక్కీ పక్క గోడల్లోనో రబ్బరు రెక్కలున్న రంధ్రాలు పెడతారు. డిక్కీని సామానుతో కూరేసినా, శబ్దం రాకూడదని లోపల అతికించిన షీట్లు ఆ రంధ్రాలను కప్పేసినా లోపలి గాలికి పోయే దారి ఉండదు. బ్లోయర్ ఎంత గట్టిగా తిరిగినా, నిండిన గదిలోకి ఇంకా గాలి తోయలేదు.

దీన్ని పట్టుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఒక్క పనిముట్టు కూడా అక్కర్లేదు. కారు ఆపి ఉంచి, బయటి గాలి మోడ్‌లో ఫ్యాన్ పూర్తిగా పెట్టండి. తర్వాత రీసర్క్యులేషన్‌కి మార్చండి. రెండింటిలోనూ గాలి ఒకేలా నీరసంగా ఉంటే లోపం రెండు దారులకీ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే బ్లోయర్‌లోనో ఫిల్టర్‌లోనో కాయిల్‌లోనో ఉంది. రీసర్క్యులేషన్‌లో బాగుండి, బయటి గాలిలో మాత్రమే తగ్గుతుంటే అనుమానితులు ముఖ్యంగా ఇద్దరు: లోపలికి వచ్చే జాలీ (ఫిల్టర్ వైపర్ల కిందే ఉండే కారైతే అది కూడా), బయటికి పోయే రంధ్రం. ఇప్పుడు ఒక కిటికీ అద్దం కాస్త దించండి. వెంట్‌లో గాలి ఒక్కసారిగా పెరిగితే బయటికి పోయే దారి మూసుకుపోయినట్టు. మార్పేమీ లేకపోతే వైపర్ల కింది జాలీలో ఆకులు, చెత్త పేరుకున్నాయేమో చూడాలి. చెట్టు కింద నిలిపే కార్లలో ఇది తరచూ జరిగేదే. కారు నడుస్తుండగా మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఎదురుగాలి ఒత్తిడి వల్ల ఫలితం తారుమారవుతుంది.

ఫిల్టర్: అందరూ చెప్పేదే, అయినా

క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడమే గాలి తగ్గడానికి అన్నిటికంటే మామూలు కారణం. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. కొన్నింటిలో బానెట్ తెరిస్తే వైపర్ల కింద, కొన్నింటిలో కాళ్ల దగ్గర మధ్య కన్సోల్ పక్కన. కంపెనీలు సాధారణంగా ఏడాదికోసారో, 15,000 నుంచి 25,000 కిలోమీటర్లకోసారో మార్చమంటాయి. దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకి ఆ లెక్క కుదరదు, ముందే చూసుకోవాలి.

లోపం ఫిల్టర్‌దో కాదో తేల్చుకోవడానికి దాన్ని పూర్తిగా తీసేసి, ఒక నిమిషం ఫ్యాన్ నడిపి చూడండి. గాలి గణనీయంగా పెరిగితే దోషి దొరికినట్టే. కొంచెం పెరగడం సహజం, కొత్త ఫిల్టర్ కూడా కొంత అడ్డుకుంటుంది. కార్బన్ పొర ఉన్నవి, మరీ సన్నని ధూళిని ఆపేవి మామూలు వాటికంటే ఎక్కువ అడ్డుకోవచ్చు. ఫిల్టర్ మార్చాక గాలి ఇంకా తగ్గిందని ఎవరైనా అంటే ముందు దాని రకం చూడండి, తర్వాత దాని అంచున ఉన్న బాణం గుర్తు చూడండి. ఆ బాణం గాలి వెళ్లే దిక్కుని చూపాలి. గాలి కొట్టి దులిపితే పైపై దుమ్ము రాలుతుంది, పీచుల మధ్య ఇరుక్కున్నది అలాగే ఉంటుంది. కడిగితే పీచే పాడవుతుంది. ఇంత చిన్న వస్తువు దగ్గర పొదుపు చేసి, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన కాయిల్‌ని మురికి చేసుకోవడంలో లాభమేమీ లేదు.

ఫిల్టర్ పెట్టే గూడు తెరిస్తే అసలు ఫిల్టరే లేకపోవచ్చు కూడా. కొన్ని మోడళ్ల చవక వేరియంట్లు గూడుతో వస్తాయి, ఫిల్టర్ లేకుండా. అప్పుడు ఆ దుమ్మంతా నేరుగా తడి కాయిల్ మీద పడి బురదలా గట్టిపడుతుంది.

చెవితో పట్టుకునే తేడా

ఫ్యాన్ శబ్దం ఒక మంచి ఆధారం. బ్లోయర్‌లో ఉండేది ఉడుత చక్రంలాంటి గుండ్రటి ఫ్యాన్. దాని దారికి అడ్డు పడితే మోటారు మొరాయించదు, పైగా తేలికపడి వేగం పెంచుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డుపెడితే దాని మోత సన్నగా పైకి లేస్తుందే, ఇక్కడా అంతే. తోయడానికి గాలి తక్కువైతే మోటారు మీద భారం తక్కువ, అది లాగే కరెంటు కూడా తక్కువ. అందువల్ల మోత హోరుగా ఉండి గాలి మాత్రం రాకపోతే దారిలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం: ఫిల్టర్, కాయిల్, మూసుకున్న తలుపు. మోత కూడా నీరసంగా ఉంటే మోటారుకి కరెంటు చాలడం లేదు, లేదా మోటారే అరిగిపోయింది. ఏ మీటరూ పెట్టకుండానే సగం దారి ఇలా తేలిపోతుంది.

మోత హోరుగా ఉండి గాలి లేకపోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, ఫ్యాన్ చక్రం మోటారు ఇరుసు మీద వదులై జారడం. అప్పుడు మోటారు తిరుగుతుంది, చక్రం దానితో సరిగ్గా తిరగదు. రెండోది కాస్త తమాషాగా ఉంటుంది. మోటారు మార్చాక రెండు వైర్లు తారుమారైతే చక్రం వెనక్కి తిరుగుతుంది. టేబుల్ ఫ్యాన్ రకం రెక్కలైతే గాలి వెనక్కి పోయి వెంటనే బయటపడేది. ఈ గుండ్రటి చక్రం మాత్రం వెనక్కి తిరిగినా గాలిని అదే దిక్కుకి తోస్తుంది, కాకపోతే చాలా తక్కువగా. కొత్త మోటారు వేశాక కూడా గాలి నీరసంగా ఉందంటే అది తిరిగే దిక్కు చూడమని అడగండి.

గరగర, టకటక మోతలు వేరు. ఎండుటాకో కాగితం ముక్కో చక్రంలో చిక్కుకున్నా, ఎలుక గూడు పెట్టినా అలాంటి చప్పుళ్లు వస్తాయి. ఫ్యాన్ మొదలైనప్పుడు కీచుమంటుంటే బేరింగ్ లేదా బుష్ అరుగుతోంది.

కరెంటు సంగతి

పాత పద్ధతి నాలుగు వేగాల స్విచ్ ఉన్న కార్లలో ఒకటి, రెండు, మూడు నంబర్లు రెసిస్టర్ ద్వారా, అంటే కరెంటుని కొంత అడ్డుకుని తగ్గించే భాగం ద్వారా పని చేస్తాయి. నాలుగో నంబరు రెసిస్టర్‌ని దాటవేసి నేరుగా మోటారుకి కరెంటు ఇస్తుంది. కింది మూడూ పోయి నాలుగు మాత్రమే పని చేస్తే రెసిస్టర్, లేదా దానిమీద ఉండే, మరీ వేడెక్కితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ పోయింది. కింది మూడూ బాగుండి నాలుగే పని చేయకపోతే ఆ వేగానికి వెళ్లే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), స్విచ్, వైరు చూడాలి. ఇంత సూటిగా చెప్పే లక్షణం కారు ఏసీలో మరొకటి లేదు. కొత్త కార్లలో, ముఖ్యంగా ఆటోమేటిక్ ఏసీ ఉన్నవాటిలో, రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అది పాడైతే ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగడం, ఒకే వేగంలో నిలిచిపోవడం, కారు ఆపినా తిరుగుతూనే ఉండడం లాంటివి కనిపిస్తాయి.

రెసిస్టర్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ కాలిపోతే మూడో రెసిస్టర్ కొనకండి. అరిగిన బేరింగ్‌తో భారంగా తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడి రెసిస్టర్ మీద, దాని కనెక్టర్ మీద పడుతుంది. ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకి తిరిగిన కనెక్టర్‌ని అలాగే ఉంచి కొత్త రెసిస్టర్ గుచ్చడం చాలా చోట్ల చూస్తాం. అది పని కాదు, వాయిదా.

అన్ని వేగాల్లోనూ ఫ్యాన్ నీరసంగా ఉంటే మల్టీమీటర్ తీయాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటాయి. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు మోటారు రెండు కొసల మధ్య కొలిస్తే దానికి దగ్గరగా, అర వోల్టు అటూ ఇటూగా రావాలి. వోల్టు కంటే ఎక్కువ తగ్గితే దారిలో ఎక్కడో దొంగ ఉన్నాడు. ఒక లెక్క చూడండి. మోటారు 20 ఆంపియర్లు లాగుతున్నప్పుడు తుప్పు పట్టిన ఒక్క కనెక్షన్‌లో 0.1 ఓమ్ అడ్డు ఉంటే అక్కడే 2 వోల్టులు పోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. మామూలు మీటరు ఓమ్‌లలో 0.1 తేడా ఎవరూ పట్టించుకోరు. అందుకే వైర్ విప్పి ఓమ్‌లు కొలవడం కంటే, ఫ్యాన్ నడుస్తుండగా వోల్టుల తేడా కొలవడమే నమ్మదగింది. గ్రౌండ్ వైపు, అంటే కరెంటు తిరిగి వెళ్లే నెగటివ్ వైపు కూడా కొలవాలి, అది మర్చిపోతుంటారు. వోల్టేజీ పూర్తిగా అందుతున్నా మోటారు నీరసంగా తిరిగితే, మెల్లగా తడితే పుంజుకుంటే, తిరిగే భాగానికి కరెంటు అందించే లోపలి బ్రష్‌లు అరిగాయి.

డ్యాష్‌బోర్డ్ కింద చెయ్యి పెట్టే ముందు ఒక జాగ్రత్త: ఆ చుట్టుపక్కల ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి, సాధారణంగా పసుపు రంగు కనెక్టర్లతో. వాటికి మీటరు పెట్టకూడదు. భాగాలు విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాలి.

మొదట బాగుండి, తర్వాత తగ్గితే

బయల్దేరినప్పుడు గాలి బ్రహ్మాండంగా వస్తుంది. అరగంటో గంటో గడిచాక తగ్గుతూ తగ్గుతూ పోయి దాదాపు ఆగిపోతుంది. ఎక్కడైనా ఆపి, టీ తాగి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అంతా సవ్యంగా ఉంటుంది, ఏ లోపమూ లేదని పంపిస్తారు. ఇది కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకోవడం.

కాయిల్ రేకుల మధ్య సందులు చాలా సన్నవి. గాలిలోని తేమ వాటి మీద నీరుగా మారి కిందికి కారిపోవాలి. కాయిల్ ఉష్ణోగ్రత 0 డిగ్రీల కిందికి పోతే ఆ నీరు గడ్డకట్టి సందులు మూసేస్తుంది. అలా జరగకుండా కాయిల్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. సున్నాకి కొంచెం పైన ఉండగానే అది కంప్రెసర్‌ని ఆపించాలి, లేదా దాని పని తగ్గించాలి. ఆ సెన్సర్ తప్పు చెప్పినా, ఉండాల్సిన చోటు నుంచి జరిగినా కంప్రెసర్ ఆగదు. రిలే అతుక్కుపోయినా అంతే. కాయిల్‌లోకి గ్యాస్‌ని తగినంతగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సరిగ్గా పని చేయకపోయినా ఇదే ఫలితం రావచ్చు.

గ్యాస్ పాత్ర ఇక్కడే. గ్యాస్ కొద్దిగా తగ్గితే కాయిల్‌లో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడితే గ్యాస్ మరిగే ఉష్ణోగ్రత కూడా పడుతుంది. చాలా కార్ల ఏసీలో ఉండే ఆర్-134ఏ రకం గ్యాస్‌కి గేజ్ మీద సుమారు 28 పీఎస్‌ఐ దగ్గర అది సరిగ్గా 0 డిగ్రీలు. అంతకంటే కిందికి పోతే గ్యాస్ ప్రవేశించే భాగంలో మంచు మొదలై పాకుతుంది. వినడానికి వింతగా ఉంటుంది, గ్యాస్ తగ్గితే మంచు ఎక్కువ కావడం. గ్యాస్ మరీ తగ్గిపోతే ఒత్తిడి స్విచ్ కంప్రెసర్‌నే ఆపేస్తుంది కాబట్టి అప్పుడు మంచు ఉండదు, చల్లదనమూ ఉండదు.

మురికి ఫిల్టర్ కూడా మంచుకి తోడవుతుంది. కాయిల్ మీదుగా వెళ్లే వెచ్చటి గాలి తగ్గితే కాయిల్ మరింత చల్లబడుతుంది, మంచు కడుతుంది, గాలి ఇంకా తగ్గుతుంది. తేమ వాతావరణంలో, ఫ్యాన్ తక్కువలో పెట్టి చేసే దూరప్రయాణంలో ఈ చక్రం తొందరగా తిరుగుతుంది.

రుజువు చేసుకోవడం కష్టం కాదు. గాలి తగ్గిన క్షణంలో ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం పూర్తిగా నడవనివ్వండి. పది, పదిహేను నిమిషాల్లో గాలి మెల్లగా తిరిగొచ్చి, కారు కింద నీళ్లు ధారగా కారితే మంచే. తర్వాతి వరుస నా మటుకు ఇది: ఫిల్టర్, సెన్సర్, ఆ తర్వాత గ్యాస్. గ్యాస్ అవసరమైతే ఉన్నదంతా మెషీన్‌తో బయటికి తీసి, వాక్యూమ్ చేసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్క ప్రకారం తూచి ఎక్కించాలి. ఊరికే గేజ్ చూసి పైన కొంత నింపడం అంచనా వ్యవహారం. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కి చేటు. వాడకంతో గ్యాస్ ఖర్చయిపోదు. ఏళ్ల తరబడి సీళ్ల నుంచి కాస్త కాస్త జారడం మామూలే గానీ, ప్రతి ఎండాకాలం నింపించాల్సి వస్తోందంటే లీకు వెతకాల్సిందే. గ్యాస్ పైపులు మాత్రం ఇంట్లో విప్పకండి. చర్మానికి తగిలితే గడ్డకట్టిస్తుంది, కొత్త కార్లలో వాడే ఆర్-1234వైఎఫ్‌కి కొద్దిగా మండే గుణం కూడా ఉంది.

గాలి ఉంది, రావాల్సిన చోటికి రావడం లేదు

ముఖానికి పెడితే అద్దానికో కాళ్లకో గాలి పోతుంటే బ్లోయర్‌లో లోపం లేదు, గాలిని పంచే తలుపుల్లో ఉంది. చాలా కార్లలో వాటిని చిన్న చిన్న మోటార్లు తిప్పుతాయి. లోపలి ప్లాస్టిక్ పళ్లు విరిగితే కారు స్టార్ట్ చేసినప్పుడో మోడ్ మార్చినప్పుడో డ్యాష్‌బోర్డ్ వెనక టక్ టక్ మని కాసేపు వినిపిస్తుంది. బ్యాటరీ తీసి పెట్టాక ఈ తేడా మొదలైతే, ఆ మోటార్లకి మళ్లీ వాటి స్థానాలు నేర్పించే రీసెట్ కావాల్సి ఉండొచ్చు. తలుపుల్ని ఇంజిన్ వాక్యూమ్‌తో తిప్పే పాత కార్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు గాలి ముఖం నుంచి అద్దం వైపు మళ్లితే ఎక్కడో వాక్యూమ్ గొట్టం చీలింది.

వెంట్లలోంచి నల్లటి స్పాంజి పొడి రాలుతుంటే తలుపుల మీద అతికించిన ఫోమ్ చివికిపోయింది. తలుపు మూసుకున్నా చుట్టూ సందుల్లోంచి గాలి తప్పించుకుంటుంది. ఒక్క వెంట్‌లోనే గాలి తగ్గితే, ముఖ్యంగా ఆ మధ్యే మ్యూజిక్ సిస్టమ్ మార్పించి ఉంటే, వెనక గొట్టం ఊడిపోయిందేమో చూడాలి. వెనక సీటు వెంట్ల గురించి ఒక మాట: చాలా కార్లలో వాటికి సొంత ఫ్యాన్ ఉండదు. ముందు బ్లోయర్ గాలిలోనే కొంత పొడవాటి గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ముందు వెంట్లతో పోల్చి అది తక్కువని బెంగ పడక్కర్లేదు.

చివరికి మిగిలేది కాయిల్

ఫిల్టర్ కొత్తది, మోటారుకి వోల్టులు అందుతున్నాయి, మోత హోరుగా ఉంది, తలుపులు సరిగ్గా కదులుతున్నాయి, మంచు లేదు. అయినా గాలి నీరసమే. అప్పుడు మిగిలింది కాయిల్ ముందు ముఖం మీద పేరుకున్న మురికి. తడి వాసన, ఏసీ వేయగానే వచ్చే ముక్కిపోయిన కంపు దీనికి తోడుంటాయి. నీళ్లు పోయే డ్రెయిన్ పైపు కూడా మూసుకుంటే ముందు సీటు కింది కార్పెట్ తడుస్తుంది, మలుపుల్లో డ్యాష్‌బోర్డ్ లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంది.

డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. రెసిస్టర్ తీసిన రంధ్రంలోంచో, బ్లోయర్ తీసిన ఖాళీలోంచో సన్నని కెమెరా పంపి కాయిల్ ముఖాన్ని చూడవచ్చు. పలుచటి దుమ్మే అయితే కాయిల్ కోసం చేసిన నురుగు క్లీనర్ కొట్టి, డ్రెయిన్‌లోంచి మురికి నీళ్లు పోనిస్తే సరిపోతుంది. డ్రెయిన్ బాగా పోతోందని ముందే చూసుకోవాలి, లేకపోతే ఆ నురుగంతా కార్పెట్‌లోకి దిగుతుంది. నేరుగా వెంట్లలోకి కొట్టే స్ప్రేలు వాసన తగ్గిస్తాయేమో గానీ కాయిల్ ముందు ముఖానికి చేరవు, ఎందుకంటే మురికి పట్టేది గాలి ప్రవేశించే వైపు, వెంట్లు ఉండేది అవతలి వైపు. దుమ్ము గట్టిపడి అట్టలా మారి ఉంటే, రేకులు వంగి ఉంటే, కాయిల్‌ని బయటికి తీయక తప్పదు. గ్యాస్ తీసేదీ తూచి మళ్లీ ఎక్కించేదీ ఎలాగూ ఆ పనిలోనే ఉంటుంది కాబట్టి ఎక్స్‌పాన్షన్ వాల్వ్, సీళ్లు, చివికిన ఫోమ్ అప్పుడే మార్పించుకోవడం మంచిది, వాటికోసం మళ్లీ ఆ డ్యాష్‌బోర్డ్ విప్పాల్సిన పని ఉండదు.